పట్టా ఎవరి పేర ఉన్నది?

గత సంవత్సరము మా కళాశాల సభామందిరములో పాలస్తీనా సమస్యపై ఒక ప్రసంగము చేయవలసినదిగా విద్యార్థి సంఘము వారు మమ్ము కోరినారు. మేము చరిత్ర అధ్యాపకులము కాము. తెలుగు పాఠము చెప్పుకొని బ్రతుకువారము. అయినను ఎం.ఏ. చదివిన నాటినుండి పత్రికలు వదలక చదువు అలవాటు ఉన్నందున అంగీకరించినాము. ఒక గంటసేపు మాట్లాడినాము. బాల్ఫర్ ప్రకటన, 1948, 1967, ఓస్లో, గాజా, తేదీలన్నియు తడుముకొనకుండ చెప్పగలిగినాము. కరతాళధ్వనులు మ్రోగినవి. ఉర్దూ శాఖవారు లేచి వచ్చి కరచాలనము చేసినారు. మాకును కొంత గర్వము కలిగిన మాట దాచనేల?

అధ్యక్షులవారు "ప్రశ్నలేమైన ఉన్నవా" అని అడుగగా చివరి వరుసలోనుండి ఒక విద్యార్థి లేచినాడు. చర్ల వైపు అడవి పల్లెనుండి వచ్చి మా వద్ద డిగ్రీ చదువుచున్న కోయ యువకుడు. తరగతిలో నోరు విప్పి ఎరుగడు. "సార్, ఆ భూములకు పట్టా ఎవరి పేర ఉన్నది?" అని అడిగినాడు.

సభలో నవ్వులు పుట్టినవి. మేమును నవ్వి "అది రెవెన్యూవారి ప్రశ్న నాయనా" అని తప్పించుకొన్నాము. అతడు మారుమాటాడక కూర్చున్నాడు. వందన సమర్పణ జరిగినది, సభ ముగిసినది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. గంటసేపు మేము చెప్పినదంతయు రాజులను గూర్చి, మంత్రులను గూర్చి, ఒప్పందములను గూర్చి. ఆ బాలుడు అడిగినది ఒక చేనును గూర్చి. భద్రాచలము అడవి అంచున పుట్టినవాడు వేరు ప్రశ్న అడుగడు. అక్కడ ఏ పల్లెలో తగవు వచ్చినను ముందు తేలవలసినవి రెండే సంగతులు: పట్టా ఎవరిది, కబ్జా ఎవరిది. పాత పహాణీలు చూచినవారికి తెలియును. పట్టాదారునకు ఒక గడి, అనుభవదారునకు ఒక గడి. రెండు గడులలోను ఒకే పేరున్నంత కాలము ఊరు ప్రశాంతముగ ఉండును. పేర్లు వేరైన నాడు పంచాయతీ మొదలగును. పాలస్తీనాలో ఈ రెండు గడులు ఎప్పుడు వేరైనవి? ఆ సంగతి మాకు తెలియదు. తెలియకయే గంటసేపు మాట్లాడినాము. అప్పటినుండి కొన్ని నెలలపాటు దొరికిన పుస్తకములన్నియు తిరుగవేసినాము. ఈ వ్యాసము ఆ విద్యార్థికి మేము బాకీపడిన జవాబు.

పాలస్తీనా నాలుగు వందల ఏండ్లు ఉస్మానియా తుర్కుల ఏలుబడిలో ఉన్నది. సాగుభూమిలో అధికభాగము 'మిరీ', అనగా సర్కారుది. దున్నుకొను హక్కు రైతుది. చాలా గ్రామములలో భూమి ఉమ్మడిగ ఉండెడిది. దానిని 'ముషా' అనెడివారు. కొన్నేండ్లకొకసారి చీట్లు వేసి పాళ్ళు మార్చుకొనెడివారు. ఈ చెలక నాది అని విడిగా ఒకనికి ఉండదు, ఈ ఊరిలో ఇంత వంతు నాది అని మాత్రము ఉండును. మన కోయ గూడెములలో పోడు పంచుకొను తీరు తెలిసినవారికి ఇది వింతగ తోచదు. 1858లో ఇస్తాంబూలు ప్రభుత్వము ఒక భూచట్టము చేసినది. ప్రతి భూమిని ఒక మనిషి పేర నమోదు చేయవలెనని దాని సారాంశము. పన్ను వసూలు చక్కబడునని ప్రభుత్వపు ఆశ. రైతుకు మాత్రము ఆ దఫ్తరము చూడగనే రెండు భయములు పట్టుకొన్నవి. పేరు వ్రాయించుకొన్నచో పన్ను పెరుగును, కొడుకును పటాలములోనికి పట్టుకొనిపోదురు. అందువలన ఎందరో రైతులు ఊరకున్నారు. కొందరు పట్టణములోని షావుకారు పేర, షేకు పేర వ్రాయించి, దున్నుకొనుట మేము మానము గదా అని తృప్తిపడినారు.

ఇట్టిదే సుమారు ఆ కాలముననే మన తెలంగాణములోను జరిగినది. సాలార్‌జంగు సంస్కరణల నాటినుండి రైతువారీ పద్ధతి వచ్చి, సర్వే జరిగి, పట్టాలు ఏర్పడినప్పుడు ఊళ్ళకు ఊళ్ళు దేశ్‌ముఖుల పేర నమోదైనవి. తాతల నాటినుండి దున్నుచున్నవాడు ఒక్క ఉదయమున కౌలుదారు అయినాడు. కాని అరక మాత్రము అతని చేతనే ఉన్నందున ఆ మార్పు అతనికి వెంటనే తెలియలేదు. కాగితము వ్రాసిన నాడు ఏమియు జరుగదు. నలుబది ఏండ్ల తరువాత దానిని ఎవరో ఒకరు విప్పుదురు.

పాలస్తీనాలో విప్పినది ఇట్లు. నజరెతు పట్టణమునకు దక్షిణముగ మర్జ్ ఇబ్న్ ఆమిర్ అను విశాలమైన మైదానము కలదు. 1872లో అందులో పెద్దభాగమును ప్రభుత్వము బీరూటు నగరపు వర్తకులకు అమ్మినది. వారిలో ముఖ్యులు సుర్సుక్ కుటుంబమువారు, అరబ్బు క్రైస్తవులు. దున్నువారు దున్నుచునే ఉన్నారు. బీరూటుకు పాలు పోవుచుండెను. 1910లో ఆ కుటుంబములోని ఇల్యాస్ సుర్సుక్, అల్ ఫూలా అను గ్రామపు భూమిని యూదు జాతీయ నిధికి అమ్మజూపినాడు. సుమారు పదివేల దూనములు, మన లెక్కన రెండువేల ఎకరముల పైచిలుకు.

అప్పుడు నజరెతులో కాయమకాముగ ఉన్నవాడు షుక్రీ అల్ అసలీ. కాయమకాము అనగా మన తాలూకా అధికారి వంటివాడు. డమాస్కసు వాస్తవ్యుడు, విద్యావంతుడు. ఆయన ఆ బదిలీకి సంతకము చేయనన్నాడు. పైనుండి ఉత్తరువు వచ్చినను చేయలేదు. సలాహుద్దీన్ పేరు కలముపేరుగ పెట్టుకొని పత్రికలలో వ్యాసములు వ్రాసినాడు, ఏలయన ఆ గ్రామములో సలాహుద్దీను కాలపు కోట శిథిలములున్నవి. ఎన్ని చేసినను కాగితము సుర్సుకుది. అమ్ముట చట్టబద్ధము. రైతులు లేచిపోయినారు. 1911లో అక్కడ మెర్హావియా అను యూదు వ్యవసాయ కేంద్రము వెలసినది. అల్ అసలీ శాసనసభకు ఎన్నికై అక్కడను ఇదే మాట మాట్లాడినాడు. 1916లో అరబ్బు జాతీయవాది అను నేరముపై తుర్కు సేనాని జమాల్ పాషా ఆయనను ఉరితీయించినాడు. తెలుగులో ఆయనను గూర్చి వ్రాసినవారు మాకు కనబడలేదు. సంతకము చేయుటకు నిరాకరించిన తాలూకా అధికారిని మన ఏజెన్సీలో మీరెందరిని చూచినారో మీరే చెప్పవలెను.

ఇందులో ఒక మెలిక ఉన్నది. దానిని మేము ఆ నాటి ప్రసంగములో గుర్తింపలేదు. భూమి చేతులు మారుట ఆ దేశమునకు కొత్త కాదు. అంతకు పూర్వము కొన్నవాడు పాలు తీసుకొనెడివాడు, దున్నువాడు ఉన్నచోటనే ఉండెడివాడు. ఇప్పుడు కొన్నవారు తామే దున్నదలచినారు. 1901లో ఏర్పడిన యూదు జాతీయ నిధి నియమము ప్రకారము కొన్న భూమిని తిరిగి అమ్మరాదు. అది శాశ్వతముగ యూదుజాతి ఆస్తి. కూలి కూడ యూదులదే కావలెనను పట్టుదల క్రమముగ బలపడినది. పాలు తీసుకొను చేయి మారినంత మాత్రమున ఊరు లేచిపోదు. అరక పట్టు చేయి మారినప్పుడు లేచిపోవును.

వచ్చినవారు దున్నదలచినదేల? ఇచ్చట వారి పక్షపు మాటయు చెప్పవలెను, లేనిచో మేము సగము కథ చెప్పినవారమగుదుము. 1881లో రష్యా చక్రవర్తి హత్య కాగా ఆ నేరము యూదులపై మోపి ఊరూర దాడులు చేసినారు. మరుసటి ఏడు చేసిన శాసనములతో వారు పల్లెలలో కొత్తగ నివసింపరాదు, భూమి కొనరాదు. తరతరములుగ నేలకు దూరముగ ఉంచబడినవారికి మట్టి పిసుకుట ఒక విముక్తిగ తోచినది. థియోడర్ హెర్జెల్ 1896లో యూదుల రాజ్యమును గూర్చి పుస్తకము వ్రాసి, మరుసటి ఏడు బాసెలు నగరములో మహాసభ జరిపినాడు. జెరూసలేము మేయరుగ పనిచేసిన యూసుఫ్ జియా అల్ ఖాలిదీ 1899లో ఒక లేఖ వ్రాసినాడు. అది హెర్జెలుకు చేరినది. యూదులకు ఆ నేలతో గల చారిత్రక బంధమును ఆయన కాదనలేదు. కాని అక్కడ ఇదివరకే మనుషులున్నారని గుర్తుచేసి, ఆ దేశమును విడిచిపెట్టుడని వేడుకొన్నాడు. హెర్జెలు మర్యాదగనే జవాబు వ్రాసినాడు. మీ భూముల ధర పెరుగును, మీకే లాభమని. ఆ లాభము పట్టా ఉన్నవానికే గాని దున్నువానికి గాదు.

మొదటి ప్రపంచ యుద్ధములో బ్రిటిషువారు ఒకే దేశమును ముగ్గురికి చూపినారు. అరబ్బులకు స్వాతంత్ర్యపు ఆశ, 1916లో ఫ్రెంచివారితో రహస్యపు పంపకము, 1917 నవంబరు 2న బాల్ఫరు లేఖ. ఆ లేఖ ఆంగ్లములో 67 మాటలు. నాటి జనాభాలో దాదాపు పదింట తొమ్మిది పాళ్ళున్న అరబ్బుల పేరు అందులో లేదు, యూదేతరులు అని మాత్రమున్నది. మన ఏజెన్సీ చట్టములలో మావంటివారిని 'గిరిజనేతరులు' అందురు. ఏది కామో దానినిబట్టి పేరు పొందుట ఎట్లుండునో మేము ఎరుగుదుము. కాని మాకు ఆ పేరు వచ్చినది ఇతరుల భూమి కాపాడుటకు. వారికి వచ్చినది మరొక పనికి.

ఆ యుద్ధములో మనవారును ఉన్నారు. హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూరు సంస్థానముల అశ్విక దళములు ఒకే బ్రిగేడుగ పాలస్తీనాలో పోరాడినవి. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణమును గెలిచినవి జోధ్‌పూరు, మైసూరు దళములు. హైదరాబాదు దళము ఆ రోజు వేరు పనిమీద ఉన్నది. ఢిల్లీలో తీన్‌మూర్తి అని పిలువబడు మూడు విగ్రహములలో ఒకటి మన నిజాము సంస్థానపు సైనికునిది. ఖలీఫా సేనలపై పోరాడుటకు నిజాము తన దళమును పంపినాడు. తరువాతి దశాబ్దములో ఆ నిజామే అఖ్సా మసీదు మరమ్మతులకు విరాళమిచ్చినాడు. 1931 జనవరిలో లండనులో మరణించిన మౌలానా మహమ్మదలీ జౌహరును జెరూసలేములో ఖననము చేసినారు. ఇట్టి బంధముల వలన మన ఇండ్లలో పాలస్తీనా అనగనే మసీదు గుమ్మటము కన్నులయెదుట నిలుచును. ఆ అభిమానము తప్పు కాదు. కాని మా మట్టుకు మాకు ఆ గుమ్మటము వెనుకనున్న జొన్నచేను కనబడలేదు.

గీతలు గీయువారు గీయబడిన చోట ఉండరు. ఇది తెలియుటకు సైక్సు, పికోల వరకు పోనక్కరలేదు. భద్రాచలము చరిత్ర చాలును. 1860లో నిజాము గోదావరి ఎడమగట్టు ప్రాంతమును ఆంగ్లేయులకిచ్చినాడు. వారు మధ్యపరగణాలలో కలిపినారు. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చినారు. ఆ మార్పుతో పోడుపై పన్ను, ఆంక్షలు పెరుగగా 1879లో రంప తిరుగుబాటు రేకపల్లి అడవులకు ప్రాకినది. 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాకు వచ్చినది. 2014లో పోలవరము ముంపు నిమిత్తము ఏడు మండలముల గ్రామములు ఆంధ్రప్రదేశునకు పోయినవి. పట్టణము తెలంగాణములో మిగిలినది. రాముల వారి గుడి ఒక రాష్ట్రములో, పురుషోత్తపట్నములోని ఆ దేవుని మాన్యము మరొక రాష్ట్రములో. ఇన్ని గీతలలో ఏ ఒక్కదానికైన కోయ పెద్దను పిలిచి అడిగినట్లు మేము వినలేదు.

బ్రిటిషువారి ఏలుబడిలో జరిగినది త్వరగ చెప్పెదము. 1922 జనగణనలో మొత్తము ఏడున్నర లక్షలకు పైబడిన జనములో యూదులు సుమారు 84,000. 1933లో హిట్లరు రాగా నాలుగేండ్లలో లక్షన్నరకు పైగా వచ్చినారు. అమెరికా 1924లోనే తలుపులు బిగించినది. వారు పోగలిగిన చోటు మరొకటి కనబడలేదు. ఆరవై లక్షల యూదులను ఐరోపా చంపినది, దాని ఋణము పాలస్తీనా రైతు నెత్తిపై పడినది. 1929 అల్లర్లలో 133 మంది యూదులు, 116 మంది అరబ్బులు మరణించినారు. హెబ్రోనులో చంపబడిన 67 మంది యూదులలో అనేకులు ఏ చేనును కొననివారు, ఎవరిని లేవగొట్టనివారు. అదే ఊరిలో కొందరు అరబ్బులు పొరుగు యూదులను తమ ఇండ్లలో దాచి కాపాడినారు. మా ప్రసంగములో హెబ్రోను పేరు లేదు. మరచిపోయినామనుట అబద్ధము, వదలివేసినాము.

1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి విభజనకు తీర్మానించినది. అనుకూలము 33, ప్రతికూలము 13, తటస్థులు 10. మన దేశము ప్రతికూలముగ ఓటు వేసినది. అంతకు ముందే విచారణ సంఘములో ఇరాను, యుగోస్లావియాలతో కూడి, రెండు ప్రజలకు ఒకే సమాఖ్య రాజ్యము ఉండవలెనని సూచించినది. అప్పటికి యూదుల స్వాధీనములోని భూమి నూటికి ఏడు పాళ్ళు మించదు. తీర్మానము వారి రాజ్యమునకిచ్చినది సగమునకు పైన. యుద్ధము వచ్చినది. ఏడు లక్షల పాలస్తీనీయులు ఇండ్లు విడిచినారు, కొందరు భయముచే, కొందరు తుపాకి మొనచే. నాలుగు వందలకు పైగా గ్రామములు ఖాళీ అయినవి.

ఇక ఆ విద్యార్థి ప్రశ్నకు చివరి జవాబు 1950లో దొరుకును. ఆ ఏడు ఇజ్రాయేలు ప్రభుత్వము 'గైరుహాజరు దారుల ఆస్తి చట్టము' చేసినది. యుద్ధకాలములో ఊరు విడిచినవాని భూమి సర్కారు సంరక్షకునికి చెందును. ప్రక్క గ్రామములో తలదాచుకొని, దేశమునందే ఉన్నవాడు కూడ గైరుహాజరుదారే. ఉండియు లేనివాడు! ఇంతవరకు పట్టా ఉన్నవాడు గెలిచినాడు. ఇప్పుడు పట్టా ఉన్నను ఓడినాడు. మరుసటి ఏడే ఇరాకు ప్రభుత్వము వలసపోయిన యూదుల ఆస్తులను స్తంభింపజేసినది. బాగ్దాదు యూదుల ఇంటి కాగితములకును అదే గతి పట్టినది. 1967, 1973, 1987 అందరెరిగినవే. 2023 అక్టోబరు 7న హమాసు దాడిలో సుమారు 1,200 మంది మరణించినారు, 250 మంది వరకు చెరపట్టబడినారు. ఆ తరువాత గాజాలో మరణించినవారు అక్కడి ఆరోగ్యశాఖ లెక్క ప్రకారము 60,000 దాటినారు. గాజాలో అధికసంఖ్యాకులు 1948లో ఆ ఖాళీ అయిన గ్రామములనుండి వచ్చినవారు, వారి సంతానము.

ఆ 1950 చట్టమును చదివినప్పుడు దానికి సరిగ్గ విరుద్ధమైన చట్టము మన వద్ద ఉన్నదని తట్టినది. అదియే 1970 మొదటి నిబంధన, మన ఏజెన్సీలో పసిపిల్లలు సైతము 'వన్ ఆఫ్ సెవెంటీ' అని పలుకునది. షెడ్యూలు ప్రాంతములో గిరిజనేతరుని చేతిలో ఏ భూమి ఉన్నను, అది గిరిజనునినుండి వచ్చినదనియే ముందుగ భావింపవలెను. కాదని రుజువు చేసుకొను భారము గిరిజనేతరునిది. ప్రపంచములో ఇట్లు దున్నినవాని పక్షమున ముందుగనే నిలుచు చట్టములు ఎక్కువ లేవు. అమలు మాట వేరు. వేలాది కేసులలో తీర్పులు గిరిజనేతరులకే అనుకూలించినవి. సల్వాజుడుము కాలమున, 2005 తరువాత, ఛత్తీస్‌గఢ్ నుండి ప్రాణములరచేత పట్టుకొని మన అడవులకు వచ్చిన గుత్తికోయలకు ఏ గడిలోను పేరు లేదు.

ఆ నిబంధన చదువుచు 'గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి' అను మాటవద్ద మేము ఆగిపోయినాము. మాకు కిన్నెరసాని ఒడ్డున, బూర్గంపాడు సీమలోని ఒక పల్లెలో, ఆరు ఎకరములున్నవి.

మా దాదా 1957 ప్రాంతములో ఓరుగల్లు వైపునుండి బట్టల మూట నెత్తిన పెట్టుకొని ఆ అడవి అంచునకు వచ్చినారు. ఉప్పు, కిరసనాయిలు, చీరలు ఇచ్చి ఇప్పపువ్వు, చింతపండు తెచ్చెడివారు. ఆయనను ఎవరును తరిమివేయలేదు. బ్రతుకుతెరువుకు వచ్చినారు, అంతే. సెలవులలో ఇంటికి పోయి పాత ట్రంకుపెట్టె తీసినాము. అడుగున, దాదా కళ్ళద్దముల ప్రక్కన, మడత పెట్టిన కాగితము. సాదా బైనామా. 1966. ధర 350 రూపాయలు. సాక్షులిద్దరు, ఇద్దరును గిరిజనేతరులే. క్రింద నీలిసిరాలో ఒక బొటనవ్రేలి ముద్ర. వ్రాసినది ఉర్దూలో. చక్కని నస్తాలీఖు దస్తూరి. మన కళాశాలలో ఏ లిపి చూచి మనము పులకింతుమో ఆ లిపి. వేలు వేసిన కోయ రైతుకు తెలుగక్షరములే రావు, ఇది ఏమి చదివియుండును? తెలంగాణములో 1963 చివరనుండి గిరిజన భూమిని గిరిజనేతరునకిచ్చుట చెల్లదు. అనగా ఆ కాగితము పుట్టిన నాడే చెల్లనిది.

అబ్బా గుమ్మములో నిలిచి చూచుచున్నారు. "దాన్నెందుకు తీసినవు?" అన్నారు.

"చూద్దామని."

"చూసేదేమున్నది? మీ దాదా మోదు మొద్దులు పెరికిండు, గట్లు పోసిండు, బాయి తవ్విండు. నీ హాస్టలు ఫీజు ఆ మిరప తోటలకెల్లే వచ్చింది. విశ్వవిద్యాలయము నీకు ఉత్తగ చెప్పిందా చదువు?"

అందులో ఒక్క మాట అబద్ధము లేదు. మా ఎం.ఏ. పట్టా ఆ ఆరెకరముల పంట.

మరునాడు చేనికి పోయినాము. ఆ వేలిముద్ర వేసిన పెద్దమనిషి మనుమడు ఇప్పుడు ఆ చేనిలోనే మిరపకు కూలి చేయును. మా ఈడువాడు. చిన్ననాడు కిన్నెరసానిలో కలిసి ఈదినవారము. ఉద్యోగము వచ్చినప్పటినుండి మమ్ము సార్ అనుచున్నాడు. గట్టుమీద కూర్చొని ఆ సంగతి అడిగినాము. అతడు చాలాసేపు పుల్లతో మట్టి గీచి, "మా తాత అమ్మలేదనేటోడు సార్. కరువేట మీ దాదాకాడ జొన్నలు తెచ్చుకున్నడంట. బాకీ తీరేదాక దున్నుకొమ్మన్నడంట. ఏలు ఎందుకు పెట్టించుకున్నరో ఆయనకు ఎరుక లేదు" అన్నాడు.

"మరి కేసు వేయలేదేమి?"

"ఏస్తే మీ అబ్బా నన్ను పనికి పిలుస్తడా సార్?"

మా దాదా అబద్ధమాడు మనిషి కారు. 350 రూపాయలిచ్చియే ఉందురు, అది జొన్నల రూపముననే ఇచ్చియుండవచ్చును. ఆయన లెక్కలో అది అమ్మకము, అతని లెక్కలో తాకట్టు. వారిద్దరి నడుమ కాగితము వ్రాసినవాడు ఒక్కడే ఏమి జరుగుచున్నదో ఎరిగినవాడు. పాలస్తీనాకును మాకును తేడాలు ఎన్నో ఉన్నవి. అక్కడ యుద్ధము, ఇక్కడ వడ్డీ. అక్కడ ప్రాణభీతితో వచ్చినవారు, ఇక్కడ మూటతో వచ్చినవారు. ఆ తేడాలు మాకు తెలియక కాదు. కాని ఆ గట్టుమీద కూర్చున్నప్పుడు అవి మాకు పెద్దగ అక్కరకు రాలేదు. ఈ సంచిక చదువు పెద్దలలో కొందరికి ఏజెన్సీలో భూములున్నవని మేమెరుగుదుము. ఎవరినో వేలెత్తి చూపుటకు ఇది వ్రాయుట లేదు. వేలిముద్ర మా ఇంటనే ఉన్నది.

ఆ రాత్రి భోజనమువేళ, మా వాటాకు వచ్చు రెండెకరములు మాకు వద్దనియు, అవి ఆ మనిషికి చేరునట్లు భద్రాచలము పోయి అర్జీ వ్రాసెదమనియు అబ్బాతో చెప్పినాము. ఆయన రొట్టె సగములో వదలి లేచినారు. రెండు దినములు మాతో మాట్లాడలేదు. తరువాత మా అన్నగారి ఫోను వచ్చినది. ఆయన మాటలు ఇక్కడ వ్రాయదగినవి కావు. ఒక ఎకరము తెరిచిన ఆరును పోవునని వారి భయము. చట్టము ప్రకారము ఆ భయము నిజమే. అర్జీ వ్రాసియున్నాము. ఇంకను సంచిలోనే ఉన్నది.

మొన్న వేసవిలో ఆ చర్ల విద్యార్థి టి.సి. తీసుకొనుటకు వచ్చినాడు. స్టాఫు గదిలో కూర్చుండబెట్టి, "ఆ నాడు నీ ప్రశ్నకు జవాబు చెప్పలేదు నాయనా. అల్ ఫూలా అని ఒక ఊరున్నది. పట్టా బీరూటు షావుకారు పేర ఉండెను" అని మొదలుపెట్టి అంతయు చెప్పినాము. శ్రద్ధగ విన్నాడు.

"దున్నేటోళ్ళు యాడికి పోయిండ్రు సార్?"

కొందరు పొరుగూళ్ళకు, కొందరు హైఫా రేవులో కూలికి పోయియుందురన్నాము. పేర్లు ఏ పుస్తకములోను మాకు కనబడలేదన్నాము. తరువాత, చెప్పవలెనని అనుకొనకయే, మా ఆరెకరముల సంగతి కూడ చెప్పినాము. అతడు కొంతసేపు టి.సి. కాగితము వంక చూచి, "ఏ ఊరు సార్?" అన్నాడు.

ఊరి పేరు చెప్పినాము.

"మా మేనత్తనిచ్చిన ఊరే సార్ అది" అన్నాడు. భద్రాచలము బస్సుకు వేళయినదని లేచి, నమస్కరించి వెళ్ళినాడు.